కొబ్బరికాయ నిర్దోషి

సింగపూర్‌లో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా ఆ రోజుల్లో పేరు తర్వాత అడిగే మాట ఒకటే: "మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తున్నారండీ?" కొందరు జావా అనేవాళ్లు, కొందరు ఒరాకిల్ అనేవాళ్లు, మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు కాస్త గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. నా వంతు వచ్చినప్పుడు "వాన మీద" అనేదాన్ని. ఒకాయన చాలా మర్యాదగా, దానికి కోచింగ్ హైదరాబాద్‌లో దొరుకుతుందా అని అడిగాడు. మా ఆయన అప్పటికే నా మోచేయి పట్టుకుని పాయసం వైపు లాక్కుపోతున్నాడు.

నేను కెమిస్టుని. మాది వరంగల్. సింగపూర్ పడమటి అంచున బూన్ లే దాటాక ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక ప్రైవేటు ల్యాబులో నీళ్లు పరీక్షించడం నా ఉద్యోగం. ఫ్యాక్టరీలు వదిలే నీళ్లు, ట్యాంకుల నీళ్లు, కాలువల నీళ్లు, ఏవి తెచ్చిస్తే అవి. ఇప్పుడు రిటైరై మనవరాలి చేత సింగపూర్ యాసలో 'బోరింగ్ లా' అనిపించుకుంటున్నాను. అయినా మీలో కొత్తగా ల్యాబ్ కోటు తొడుక్కున్నవాళ్లు ఉంటారు కనుక, ఒక కొబ్బరికాయ మీద జరిగిన విచారణ సంగతి చెప్పాలని ఉంది. మా విభాగం బతికి బట్టకట్టింది ఆ విచారణ వల్లే.

అది ఐటీ వెర్రి తలకెక్కిన కాలం. మా పై అంతస్తులో ఒక డాట్‌కామ్ కంపెనీ ఉండేది. వాళ్లు ఏం అమ్మేవాళ్లో ఎవరికీ తెలియదు గానీ ఆఫీసులో బిలియర్డ్స్ బల్ల ఉండేది. మరిన్ని సర్వర్లు పెట్టుకోవడానికి వాళ్లకు మా గది కూడా కావాలి. అద్దె మా యజమాని కళ్లు చెదిరేంత ఇస్తామన్నారు. నీళ్ల విభాగానికి పెద్ద పని ఏదైనా దొరక్కపోతే మమ్మల్ని మూసేసి గది వాళ్లకు ఇచ్చేస్తానని యజమాని చెప్పేశాడు.

మా మేనేజరు హైదరాబాదీ. సింగపూర్‌లో చాలా ఏళ్లుగా స్థిరపడిన మనిషి, ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, యజమానితో ఇంగ్లీషు. మేమంతా భాయ్ అనేవాళ్లం. ఆయన ఎక్కడెక్కడో తిరిగి ఒక పని పట్టుకొచ్చాడు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న ఒక చలి దేశంలో అడవుల మీద, చిత్తడి నేలల మీద పరిశోధన చేసే బృందం ఒకటి ఉంది. వాళ్ల సీసాలు వేలల్లో పేరుకుపోయాయి, వాళ్ల ల్యాబులు తట్టుకోలేకపోతున్నాయి. బయటి ల్యాబుకు ఏళ్ల తరబడి పని ఇస్తారట. ముందు పరీక్షగా ఒకే నీళ్లను మూడు ల్యాబులకు పంచి పంపుతారు. రెండు వాళ్ల దేశంలోవే, మూడోది మేము.

ఆ నీళ్ల కథ కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పొగగొట్టాల్లోంచి వచ్చే గంధకం, నైట్రోజన్ వాయువులు మబ్బుల్లో కలిసి ఆమ్లంగా మారి ఎక్కడో దూరంగా అడవుల మీద కురుస్తాయి. ఆ వాన నేలలోని కాల్షియం, మెగ్నీషియం కడిగి తీసుకుపోతుంది. చెట్టుకు తిండి పోతుంది. ఇక పొటాషియం సంగతి వేరు. అది ఆకుల్లోంచి వానతో కారి కిందపడి, మళ్లీ వేళ్ల ద్వారా చెట్టులోకి ఎక్కుతుంది. ఆమ్లం ఎక్కువైతే ఆకు ఎక్కువ కారుతుంది. అందుకని వాళ్లు ఆరుబయట పట్టిన వాన, చెట్ల కింద పట్టిన వాన, చిత్తడి నేలలోని గోధుమరంగు నీళ్లు విడివిడిగా సీసాల్లో పడతారు. ఈ సీసాల్లో పొటాషియం ఎంతుందో చూస్తే ఆకుకు తగిలిన దెబ్బ ఎంతో తెలుస్తుంది. నాకు ఆ పని వినగానే నచ్చింది. అంతకుముందు నేను చూసిన నీళ్లన్నీ ఎవరో ఒకరు పాడుచేసి పంపినవే.

ఈ పని కోసమే యజమాని ఒక కొత్త యంత్రం కొనిచ్చాడు. నీళ్లలో కరిగిన లవణాలను ఒక్కొక్కటిగా విడదీసి కాగితం మీద శిఖరాల్లా గీసి చూపించే యంత్రం. దాన్ని నడిపేది మా విజయనగరం తమ్ముడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, నన్ను అక్కా అని పిలిచేవాడు కనుక నాకు తమ్ముడయ్యాడు. నిదానస్తుడు, చెయ్యి శుభ్రం. అతని భార్య, చిన్న కూతురు అప్పుడే వచ్చి చోవా చూ కాంగ్‌లో మా పక్క బ్లాకులో దిగారు.

యంత్రం బిగించిన రోజే పరీక్ష సీసాల పెట్టె కూడా వచ్చింది. ఆ రోజు భాయ్ మంచి ఊపులో ఉన్నాడు.

"ఏందయ్యా, కొత్త మెషీన్‌కి మీరు కొబ్బరికాయ కొడ్తరు గదా? కొట్టుర్రి. మీ పూజ మీరు చెయ్యిర్రి, నేను దువా చేస్త. ఏది పనిచేస్తే అది చేస్తది."

తమ్ముడు మెషీన్ పక్కన కుంకుమ బొట్టు పెట్టి, గది గడప మీద కాయ కొట్టాడు. అది అడ్డదిడ్డంగా పగిలింది. నీళ్లు గిన్నెలో కొన్ని, నేల మీద కొన్ని పడ్డాయి. అతని మొహం వాడిపోయింది.

"సమానంగా పగల్లేదక్కా," అన్నాడు మెల్లగా.

"గడప వంకరగ ఉన్నది, దానికి కాయేం చేస్తది," అన్నాను. అందరం కొబ్బరి ముక్కలు తిని, చేతులు కడుక్కుని, పనిలో పడ్డాం.

ఫలితాలు పంపిన కొన్నాళ్లకు ఈమెయిల్ వచ్చింది. దాదాపు అన్నింట్లో మూడు ల్యాబులూ ఒకే మాట చెప్పాయి. ఒక్క పొటాషియం దగ్గర మాత్రం మా అంకెలు కొన్ని సీసాల్లో మరీ ఎక్కువగా ఉన్నాయి. కారణం చెప్పండి, మా ప్రతినిధి స్వయంగా వచ్చి మీ ల్యాబు చూసి నిర్ణయిస్తారు అని రాశారు.

భాయ్ ఆ కాగితం చేత్తో పట్టుకుని మా గదిలోకి వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. కిందికి చూశాడు.

"కొబ్బరి నీళ్లు," అన్నాడు. "అరే, కొబ్బరి నీళ్లల్ల ఏముంటది చెల్లే? అంతా పొటాషియమే గదా!"

నిజమే, కొబ్బరి నీళ్లంటేనే పొటాషియం. నీరసపడ్డవాళ్లకు తాగించేది అందుకే. ఆ రోజు సీసాలు మూతలు తీసి బల్ల మీదే ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా ల్యాబంతా తీర్పు చెప్పేసింది. పైనున్న డాట్‌కామ్ కుర్రాళ్లు కూడా లిఫ్టులో నన్ను చూసి "కోకోనట్ ఆంటీ" అని నవ్వారు.

భాయ్ చెడ్డవాడు కాదు. కానీ యజమాని ముందు నిలబడాల్సింది ఆయనే. రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. తర్వాత నన్ను పిలిచి, తలుపు దగ్గరకు వేసి చెప్పాడు.

"నేనే కొట్టమన్న, నాకు యాదికుంది. కానీ ఆ ప్రతినిధి మేడం వచ్చినంక ఎవరు బాధ్యులంటే ఒక మనిషిని చూపియ్యాలె. మెషీన్ నడిపినోణ్ని తీసేసినం, ఇగ మళ్ల జరగదు అని చెప్తే కాంట్రాక్ట్ దక్కుతదేమో. లేకుంటే అందరం పోతం."

"తమ్ముని వర్క్ పాస్ ఈ ఉద్యోగం మీదనే ఉన్నది గద భాయ్, ఇది పోతే దేశం ఇడిసి పోవాలె. పిల్లను నిన్నగాక మొన్న స్కూల్ల వేసిండు."

"తెల్సు చెల్లే. తెల్సుకనే నిద్రపడ్తలేదు."

బయటికి వచ్చేసరికి తమ్ముడు యంత్రాన్ని తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. కుంకుమ బొట్టు ఎప్పుడో చెరిపేశాడు.

"వెళ్లిపోమంటే వెళ్లిపోతానక్కా. అప్పుడే ఆ కాయ పగిలిన తీరు చూసి నాకు భయం వేసింది. ఏటి చేస్తాం," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, భాయ్ మీద కూడా కాదు. ల్యాబులో పనిచేసే ఇంతమందిమి ఒక కాయను అనుమానించామే గానీ పరీక్షించలేదు. నేను చదివిన చదువు అంతా ఎందుకని నన్ను నేనే తిట్టుకుని, ఫలితాల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

అప్పుడు కనిపించింది. ఆరుబయట పట్టిన వానలో మా పొటాషియం మిగతా రెండు ల్యాబులతో చక్కగా సరిపోయింది. తేడా వచ్చింది చెట్ల కింద పట్టిన వానలో మాత్రమే. ఉప్పు చేయి జారి పలుచటి మజ్జిగలో పడితే నోట్లో పెట్టగానే తెలుస్తుంది. అదే ఉప్పు ఆవకాయలో పడితే ఎవరికీ తెలియదు. ఆరుబయటి వానలో పొటాషియం ఉండీ లేనట్టు ఉంటుంది. కొబ్బరి నీళ్ల తుంపర పడి ఉంటే మొట్టమొదట గగ్గోలు పెట్టాల్సింది ఆ సీసాలే. అవి నోరు మెదపలేదు. మూతలన్నీ ఒకేసారి తీసినప్పుడు, తుంపర ఏరి ఏరి చెట్టు కింది వానలోనే పడుతుందా?

ఫ్రిజ్ తెరిచి మిగిలిన సీసాలు వెలుతురుకు పెట్టి చూశాను. చెట్ల కింది వాన సీసాల అడుగున సన్నటి నలకలు ఉన్నాయి. ఆకుల ముక్కలు. ఆ దేశపు చెట్ల ఆకులు సూదుల్లా ఉంటాయి కదా, వాటి తునకలు. వడకట్టకుండానే పంపారన్నమాట. ఆ చల్లటి దేశంలో అవి సీసా అడుగున పడి ఊరుకుని ఉంటాయి. మరి ఇక్కడ?

కార్గో ఆఫీసుకు ఫోన్ చేశాను. పెట్టె ఎప్పుడు దిగింది, మాకు ఎప్పుడు ఇచ్చారు అని అడిగాను.

"చైనీస్ న్యూ ఇయర్ లా, ఆంటీ! ఎవ్రీబడీ మకాన్, ఎవ్రీబడీ హాలిడే," అన్నాడు అటువైపు మనిషి. మకాన్ అంటే అక్కడ తిండి. పండగ సెలవులన్నీ ఆ పెట్టె రేకుల షెడ్డులోనే ఉందట. రేకుల షెడ్డు, సింగపూర్ ఎండ. ఆకు తునకలు టీ పొడి దిగినట్టు దిగిపోయి ఉంటాయి.

ఉంటాయి అంటే చాలదు, చూపించాలి. ఆ చెట్లు ఇక్కడ లేవు. తమ్ముణ్ని అడిగాను, మన దగ్గర సూదుల్లాంటి ఆకులున్న చెట్టేదైనా ఉందా అని.

అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు. "సరుగుడు చెట్టు లేదేటక్కా! మా సముద్రం ఒడ్డంతా అదే. మన బ్లాకుల వెనకాల రెండు నిలబడున్నాయి."

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం వాన వచ్చింది, అక్కడ దాన్ని పిలవాల్సిన పని ఉండదు. ఇద్దరం గొడుగులు చంకలో పెట్టుకుని, గరాటాలు బిగించిన సీసాలతో సరుగుడు చెట్టు కింద తడుస్తూ నిలబడ్డాం. కింది అంతస్తు చైనీస్ ఆంటీ కిటికీలోంచి చూసి జాలిపడింది.

"అయ్యో ఆంటీ! హోమ్ ట్యాప్ నో వాటర్ ఆ?"

ఆ నీళ్లను సగం వడకట్టాం, సగం ఆకు తునకలతోనే ఉంచాం. రెండింట్లోంచీ కొంత ఫ్రిజ్‌లో, కొంత ల్యాబు మేడ మీద ఎండలో పెట్టాం. ఆ షెడ్డులో పెట్టె ఉన్నన్ని రోజులూ ఉంచాం. యంత్రంలో పెట్టి చూస్తే, వడకట్టినవి ఎండలో ఉన్నా ఫ్రిజ్‌లో ఉన్నా ఒకటే. వడకట్టనివి ఫ్రిజ్‌లో కొద్దిగా పెరిగాయి. ఎండలో ఉన్నవాటి శిఖరం మాత్రం ముచ్చటగా లేచింది. తమ్ముడు ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వయసు చూసుకుని ఆగాను.

కానీ కొబ్బరికాయ సంగతి ఇంకా తేలలేదు. తర్కం నాకు నచ్చింది సరే, కాయను మళ్లీ కొట్టి చూస్తేనే కదా రుజువు. ల్యాబులోకి కొబ్బరికాయ అడుగుపెట్టకూడదని భాయ్ ఆర్డరేశాడు. ప్రతినిధి వచ్చే రోజు కూడా వచ్చేసింది. ఉదయం మార్కెట్లో ఒక కాయ కొని, లంచ్ డబ్బా కింద సంచిలో పెట్టుకుని వెళ్లాను.

వచ్చినావిడ పొడుగ్గా, సన్నగా, నెరిసిన జుట్టుతో ఉంది. మా ఎండకు మొహం కందిపోయింది. అడవుల్లో ముప్పాతిక జీవితం గడిపిన మనిషని చేతులు చూస్తేనే తెలుస్తుంది. భాయ్ గొంతు సవరించుకుని, యంత్రం కొత్తది, చిన్న పొరపాటు జరిగింది, తగిన చర్య తీసుకుంటున్నాం అని మొదలుపెట్టాడు. తమ్ముడు గోడ పక్కన తల దించుకుని ఉన్నాడు.

"పొరపాటు జరగలేదు," అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను, గట్టిగానే అన్నాను. భాయ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అంతా చెప్పాను. కొబ్బరికాయ సంగతి కూడా. ఆవిడ రెండుసార్లు "కొబ్బరికాయా?" అంది. భాయ్ కళ్లు మూసుకున్నాడు.

"యంత్రానికి దేవుడి ముందు కొబ్బరికాయ కొడతారా?" అని అడిగింది ఆవిడ. కొడతాం అన్నాను. ఆవిడ గడప వైపు చూసి, "ఇప్పుడు ఒకటి కొట్టి చూపించగలరా?" అంది.

నేను లంచ్ డబ్బా తీసి పక్కన పెట్టి, కాయ బయటికి తీశాను. "యా అల్లా!" అన్నాడు భాయ్.

శుభ్రమైన నీళ్లు పోసిన సీసాలు మూతలు తీసి ఆ రోజు ఉన్న చోటే పెట్టాం. తమ్ముడు కాయ అందుకున్నాడు. అదే గడప మీద కొట్టాడు. మళ్లీ వంకరగానే పగిలింది. నీళ్లు ఆ రోజు కంటే ఎక్కువే చిందాయి. సీసాలు ఒక్కొక్కటిగా యంత్రంలోకి వెళ్లాయి. సోడియం రావాల్సిన చోట ఉండీ లేని చిన్న మిట్ట. తర్వాత పొటాషియం రావాల్సిన చోటు. నలుగురం ఆ గీత మీదికి వంగాం. గీత కదల్లేదు. నేల మీద గీసిన ముగ్గు గీతలా తిన్నగా పోయింది.

రెండో సీసా, మూడో సీసా, అదే.

ఆవిడ గట్టి మనిషి. "ఒకవేళ మీ యంత్రానికి కొబ్బరి నీళ్లు కనిపించకపోతే?" అంది. మంచి ప్రశ్న. నేనైనా అడిగేదాన్ని. తమ్ముడు ఇప్పుడు తల ఎత్తాడు. సూది మొన కొబ్బరి నీళ్లలో ముంచి, శుభ్రమైన నీళ్ల సీసాలో కడిగి యంత్రంలో పెట్టాడు. గీత కొబ్బరిచెట్టంత లేచి కాగితం పైఅంచు దాటిపోయింది.

ఆవిడ పగలబడి నవ్వింది. అప్పుడు నేను సరుగుడు సీసాల కాగితాలు ఆవిడ ముందు పెట్టాను. నవ్వు ఆగింది. కాగితాలు తిప్పి తిప్పి చూసింది. తర్వాత చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ తీపి.

"మా దగ్గర సీసాలను గుమ్మం బయట పెడితే చాలు, అదే ఫ్రిజ్. వడకట్టడం మేం ల్యాబులో చేస్తాం, తొందరేం ఉండదు. ఈ పెట్టె ఎండలోకి పోతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. మీ అంకెలు తప్పు కాదు. సీసాలో ఉన్నదే మీరు చెప్పారు. సీసాలోకి అది ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా మీరే చెప్పారు."

ఎండకు ఊరిన ఆ సీసాలను అలాగే నమ్మితే, అక్కడి ఆకులు అసలుకంటే ఎక్కువ దెబ్బతిన్నాయని అడవి పేరున ఒక అబద్ధం లెక్కలోకి ఎక్కేది. ఇకమీద అడవిలోనే వడకట్టి, మంచులో పెట్టి పంపుతామని ఆవిడ అక్కడే చెప్పింది. భాయ్ గోడ పక్కకు వెళ్లి తమ్ముణ్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. "మాఫ్ చెయ్ తమ్మీ," అని ఒకటే అన్నాడు. అందరం గడప మీద కూర్చుని కొబ్బరి తిన్నాం. ఆవిడ రెండు ముక్కలు ఎక్కువే తింది.

కాంట్రాక్టు వచ్చింది. తమ్ముడి పాస్ పొడిగించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ అడవుల వాన నా చేతుల మీదుగా వెళ్లింది. కొన్ని లోయల్లో ఆమ్లం తగ్గడం, కాల్షియం కొద్దికొద్దిగా నిలవడం మా అంకెల్లోనే మొదట కనిపించింది. ఒక్కసారి కూడా చూడని అడవి కోలుకుంటోందని ఆఫీసులో స్వీట్లు పంచినదాన్ని నేను.

మా పైనున్న డాట్‌కామ్ సంగతి అడుగుతారేమో. ఒకరోజు బిలియర్డ్స్ బల్ల లిఫ్టులో కిందికి దిగింది, తర్వాత మనుషులు దిగారు. సర్వర్ల కోసం గడ్డకట్టేంత చల్లగా చేసుకున్న వాళ్ల గదిని మేమే అద్దెకు తీసుకున్నాం. మా సీసాలు అందులో హాయిగా ఉన్నాయి. కోకోనట్ ఆంటీ అన్న కుర్రాళ్లలో ఒకడు కంప్యూటర్లు చూసుకోవడానికి మా దగ్గరే చేరాడు. కొన్నాళ్లకు విందుల్లో "వాన మీద" అంటే నవ్వేవాళ్లు తగ్గి, ఖాళీలు ఉన్నాయా అని అడిగేవాళ్లు పెరిగారు.

నేను రిటైరయ్యే ముందు ఆవిడ దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. అందులో ఒక ఫొటో. చుట్టూ మంచు కప్పిన సూది ఆకుల చెట్లు, కొత్తగా పాతిన వాన సీసాల వరుస. వాటికి బాగా దూరంగా, ఒక రాయి పక్కన, మందపాటి కోటు వేసుకుని ఆవిడ నవ్వుతూ నిలబడింది. ఆవిడ కాళ్ల ముందు తెల్లటి మంచు మీద రెండు కొబ్బరి చిప్పలు. ఆ చలి దేశంలో కాయ ఎక్కడ వెతికి పట్టిందో తెలియదు.

తమ్ముడు ఆ ఫొటోను వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"సరిగ్గా నడిమికి పగిలిందక్కా," అన్నాడు. "ఇంక ఆ అడవికేటీ అవ్వదు."